హరిబాబు ఎవరి కోసం చచ్చిపోయాడు?

తెలుగు సినిమాలో సైనికుడు మామూలుగా సెలవు మీద ఊరికొస్తాడు. వచ్చి ఇక్కడి రౌడీల పని పడతాడు. సరిహద్దు అంటే ఫ్లాష్‌బ్యాక్‌లో కనబడే రెండు మంచుకొండలు, ఒక జెండా, చనిపోయిన ఒక స్నేహితుడు. అంతకుమించి యుద్ధంతో మన కథకు పనుండదు. 2015 అక్టోబర్ 22న వచ్చిన 'కంచె'లో దూపాటి హరిబాబు ఈ లెక్కకు లొంగడు. అతను సముద్రం దాటి, తనది కాని దేశంలో, తనది కాని సామ్రాజ్యం తరఫున పోరాడి, తన భాష తెలియని ఒక కుటుంబాన్ని కాపాడుతూ అక్కడే చనిపోతాడు. ఊరికి అతని శవమో, కబురో, ఉత్తరాలో రావాలి తప్ప అతను రాడు. మన సినిమాల్లో ఇలాంటి మనిషి అంతకుముందు నాకు కనబడలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా రాలేదు.

పదేళ్ళు దాటాయి కాబట్టి ఈ సినిమా గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. విడుదలైనప్పుడు మాటలన్నీ రెండు వైపుల నుంచే వచ్చాయి. తక్కువ ఖర్చుతో జార్జియాలో రెండో ప్రపంచ యుద్ధాన్ని ఎంత బాగా తీశారో చూడండి అని కొందరు. ప్రేమకథ పాతదే కదా అని కొందరు. జాతీయ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రం అదే అయింది. దర్శకుడు క్రిష్, మాటల రచయిత సాయిమాధవ్ బుర్రా, పాటలు రాసిన సిరివెన్నెల, అందరికీ రావాల్సిన మెచ్చుకోళ్ళు వచ్చాయి. నాకు మాత్రం చూసిన ప్రతిసారీ ఒకే ప్రశ్న మిగిలిపోతోంది. ఈ హరిబాబు చావు వల్ల చివరికి లాభం ఎవరికి?

అడగడానికి మొరటుగా ఉండొచ్చు. కానీ ఒక కథ తన నాయకుణ్ణి చంపిందంటే, ఆ చావుకి ఏదో ఒక పని అప్పజెప్పిందనే అర్థం. ఆ పని ఏమిటో చూస్తే కథకుడు ఎవరి వైపు నుంచి లోకాన్ని చూస్తున్నాడో తెలుస్తుంది.

కథ గుర్తులేనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. సినిమా రెండు కాలాల్లో నడుస్తుంది. ఒకటి 1930ల మధ్యలో మొదలయ్యే ప్రేమకథ. మద్రాసులో చదువుకుంటున్న హరిబాబు, సీత ప్రేమించుకుంటారు. ఆమెది జమీందారీ కుటుంబం. అతనిది అదే ఊళ్ళో కింది కులం. సీత అన్న ఈశ్వర్ దీన్ని ఒప్పుకోడు. ఊళ్ళో కులాల గొడవ రేగుతుంది, మనుషుల మధ్య నిజంగానే ఒక కంచె లేస్తుంది, ఆ గొడవలోనే సీత ప్రాణం పోతుంది. రెండోది 1944, ఇటలీ. బ్రిటిష్ ఇండియా సైన్యంలో హరిబాబు ఉన్నాడు. అతని పైఅధికారిగా ఈశ్వరే ఉన్నాడు. జర్మన్లు ఈశ్వర్‌ని, మరికొందరు అధికారుల్ని పట్టుకుపోతారు. తప్పించుకున్న కొద్దిమందితో హరిబాబు వాళ్ళను విడిపించడానికి బయల్దేరతాడు. దారిలో నాజీలు వేటాడుతున్న ఒక యూదు కుటుంబం, ఒక పసిపాప అతని బాధ్యతలోకి వస్తారు. వాళ్ళను దాటించి అతను చనిపోతాడు. ఈశ్వర్ బతికి, మారిన మనిషై, ఊరికి తిరిగొస్తాడు.

ముందు ఇందులో మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. నాజీల జాతి పిచ్చిని, మన ఊరి కులాన్ని ఒకే మాట కిందికి తేవడం చిన్న సాహసం కాదు. హిట్లర్‌ని తిట్టడం అందరికీ సులువు. మన దగ్గర ఆ పనికి ఏ అడ్డూ ఉండదు. మన ఇంటి గడప దగ్గర ఉన్నదీ అదే సరుకు అని వందల థియేటర్లలో చెప్పడానికి మాత్రం ధైర్యం కావాలి. పైగా దీన్ని ఉపన్యాసంగా కాకుండా ఎడిటింగ్‌తో చెప్పారు. ఒక దృశ్యంలో ఇటలీ, దాని పక్కనే ఊరు. ఒకచోట ముళ్ళతీగ, ఇంకోచోట వెదురు. ప్రేక్షకుడు తనకు తానుగా లెక్క కట్టుకుంటాడు. యుద్ధ సినిమా చూద్దామని వచ్చినవాడికి కులం గురించి, ప్రేమకథ చూద్దామని వచ్చినవాడికి యుద్ధం గురించి ఆలోచన అంటించి పంపడం మంచి కథకుడి పనే.

కానీ ఆ రెండు కంచెల్నీ పక్కపక్కన పెట్టి చూడమని సినిమాయే అడిగింది కాబట్టి, అడిగినట్టే చూద్దాం. ఇటలీలో కంచెకు కాపలా కాసేవాణ్ణి హరిబాబు ఏం చేస్తాడు? కాల్చేస్తాడు. అక్కడ మాటల్లేవు, మార్పు గురించిన ఆశ లేదు. జర్మన్ సైనికుడి మనసు మార్చే బాధ్యత సినిమా ఎవరి మీదా పెట్టదు. మరి ఊళ్ళో కంచెకు కాపలా కాసేవాడి సంగతేమిటి? వాణ్ణి వెతుక్కుంటూ పోయి, ప్రాణాలకు తెగించి విడిపించి, తాను చనిపోయి, వాడి మనసు మార్చాలి. పోలిక ఒకటే. న్యాయం మాత్రం రెండు రకాలు. పరాయి దేశపు దుర్మార్గానికి తుపాకీ, సొంత ఊరి దుర్మార్గానికి త్యాగం.

ఈశ్వర్‌ని కూడా కాల్చేయాల్సిందని నేననడం లేదు. అలా అయితే అది ఇంకో చెత్త సినిమా అయ్యుండేది. నేననేది, పాపం ఎవరిదో, మూల్యం ఎవరిదో చూడండని. కంచె వేసింది ఈశ్వర్. దానివల్ల పెళ్ళాన్ని పోగొట్టుకుంది హరిబాబు. ఈశ్వర్ మారడానికి కావాల్సిన ఖర్చు, అంటే ఒక నిండు ప్రాణం, అదీ మళ్ళీ హరిబాబే కట్టాలి. ఈశ్వర్‌కి దక్కేది జ్ఞానోదయం. సినిమా చివరి మాట అతనిది. ఊరి ముందు నిలబడేది అతను. కింది కులం మనిషి చావు పై కులం మనిషికి పాఠం చెప్పిన ఫీజులాగా కట్టబడింది. మన 'అభ్యుదయ' కథల్లో ఇది పాత అలవాటే. అణగారినవాడు ఎంత గొప్పగా చనిపోతే ఎదుటివాడు అంత బాగా మారతాడు. కథ పూర్తయ్యేసరికి మనం కన్నీళ్ళు పెట్టుకునేది చనిపోయినవాడి కోసమా, మారినవాడి కోసమా అన్నది తేలదు.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. మారాల్సింది ఈశ్వరే కదా, హరిబాబు ముందే మనిషిగా ఉన్నాడు, కాబట్టి కథ ఈశ్వర్ దగ్గరే ముగియాలి అని. ఇంకోటి కూడా అనొచ్చు. హరిబాబును బాధితుడిగా, చేతులు కట్టుకు నిలబడేవాడిగా చూపించలేదు. చదువుకున్నవాడు, ఆజ్ఞలిచ్చేవాడు, తన చావును తాను ఎంచుకున్నవాడు. తెలుగు సినిమా కింది కులం పాత్రకు ఇంత నిటారు వెన్నెముక ఇచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ రెండూ నేను ఒప్పుకుంటాను. అయినా ఒక ఇబ్బంది మిగిలే ఉంటుంది. ఆ ఇబ్బంది హరిబాబు ఎందుకు చనిపోయాడన్న దగ్గర లేదు. అసలు యుద్ధానికి ఎందుకు పోయాడన్న దగ్గర ఉంది.

సినిమా ప్రకారం హరిబాబు యుద్ధంలో ఉండడానికి మూలం సీత. ఆమె పోయాక కూడా అతను ఆమెకు ఉత్తరాలు రాసుకుంటూనే ఉంటాడు. యుద్ధభూమిలో అతని ప్రతి నిర్ణయం వెనకా ఆమె మాట ఉంటుంది. ఇది అందమైన ఊహ. కొత్తదేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతుండగానే, 1915లో, హిందీలో చంద్రధర్ శర్మ గులేరీ 'ఉస్‌నే కహా థా' రాశాడు. అమృత్‌సర్ బజారులో చిన్నప్పుడు చూసిన అమ్మాయికి, పెద్దయ్యాక ఇచ్చిన మాట కోసం లహనా సింగ్ ఐరోపాలో కందకంలో ప్రాణాలు వదులుతాడు. ఆ కథ చివర గులేరీ ఏడవడు. లహనా సింగ్ పోయిన సంగతిని పేపర్లో వచ్చే చిన్న వార్తగా చెప్పి ఆపేస్తాడు. అంత ప్రేమ, అంత మాట, అన్నీ ప్రపంచం లెక్కలో ఒక వరస. ఆ వరస దగ్గర పాఠకుడు ఒంటరిగా నిలబడతాడు. 'కంచె' ఆ వరస దగ్గర ఆగదు. ఆ చావును ఊరంతా విని, తలదించుకుని, బాగుపడాలని కోరుకుంటుంది. లహనా సింగ్ చావుకు ఎవరూ మారలేదు. అందుకే అది వందేళ్ళు దాటినా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంకో దారి ముల్క్‌రాజ్ ఆనంద్‌ది. 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్'లో లాలూ సైన్యంలోకి పోవడం వెనక పోయిన భూమి ఉంది. ఫ్రాన్స్ బురదలో నిలబడి అతను ఆలోచించేది ఇనాముగా దొరకబోయే నేల గురించి. సైనికుడు మొదట రైతు బిడ్డ, తర్వాత కూలి, ఆ తర్వాతే వీరుడు. ఆనంద్ దగ్గర సైన్యం ఒక వలస. పడవ ఎక్కడానికి కారణం ఇంట్లో ఉంది.

తెలుగువాళ్ళ విషయంలో ఈ రెండో దారే నిజానికి దగ్గర. చరిత్ర కొంచెం చూస్తే తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు సైన్యం నిండా తెలుగు, తమిళ సిపాయిలు ఉండేవాళ్ళు. 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్ళు 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం పట్టుకున్నారు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు పుట్టుకతో సైనికులు, దక్షిణాదివాళ్ళు పనికిరారు అని. నెమ్మదిగా మద్రాసు దళాల్ని తగ్గించుకుంటూ వచ్చి 1928 కల్లా మద్రాసు రెజిమెంట్‌ను పూర్తిగా రద్దు చేశారు. వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే మద్రాస్ శాపర్స్ మాత్రం బెంగుళూరు కేంద్రంగా మిగిలారు. మళ్ళీ రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మనుషులు చాలకపోయేసరికి ఆ సిద్ధాంతం అటకెక్కింది. మద్రాసు రెజిమెంట్ మళ్ళీ పుట్టింది. 1939లో సుమారు 2 లక్షలున్న సైన్యం యుద్ధం ముగిసేసరికి 25 లక్షలు దాటింది. పనికిరానివాళ్ళు రాత్రికి రాత్రే పనికొచ్చారు.

అంటే హరిబాబు కంచె దాటి సైన్యంలోకి వెళ్ళాడని సినిమా అనుకుంటుంది గానీ, ఆ సైన్యమే ఒక పెద్ద కంచె. ఏ కులంవాడు, ఏ మతంవాడు, ఏ ప్రాంతంవాడు ఏ దళంలో ఉండాలో రాసిపెట్టుకుని మనుషుల్ని చేర్చుకున్న సంస్థ అది. దళితులకు అందులో చోటు కావాలని అంబేడ్కర్ అడగాల్సి వచ్చింది. 1941లో మహార్ రెజిమెంట్ ఏర్పడింది. 1943లో పెట్టిన చమార్ రెజిమెంట్‌ను యుద్ధం అయిపోగానే 1946లో తీసేశారు. అవసరమున్నంత వరకే ఆ గౌరవం. ఇదంతా తెలిసి చూస్తే, 'కంచె'లో ఊరికీ సైన్యానికీ మధ్య సినిమా గీసిన గీత అంత శుభ్రంగా ఉండదు. ఊళ్ళో వాడి కులం గుర్తుచేసేవాడు సైన్యంలో వాడికి పైఅధికారి అయ్యాడన్న ఒక్క ఏర్పాటులో ఈ నిజం కొంచెం తొంగిచూస్తుంది. దాన్ని ఇంకా తవ్వి ఉంటే ఈ సినిమా ఎంత దూరం పోయేదో!

ఇక డబ్బు సంగతి. ఆ కాలపు తెలుగు వలసకు పెద్ద దారి రంగూన్. గోదావరి, విశాఖ తీరాల నుంచి వేలమంది ఓడ ఎక్కి రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలి చేసి ఇంటికి డబ్బు పంపేవాళ్ళు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదే బాంబులు పడ్డాయి. కూలి కోసం పోయే సముద్రం మూసుకుపోయింది. అదే సమయంలో సైన్యం మాత్రం మనుషులు కావాలని ఊరూరా పిలుస్తోంది. జీతం, రెండు పూటలా తిండి, బట్ట, ఇంటికి పంపడానికి మనియార్డరు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు హరిబాబు పక్క బంకులో పడుకున్నవాడు కనబడతాడు. వాడికి సీత లేదు. వాడి దగ్గర ఉత్తరాల పెట్టె లేదు, ఎందుకంటే వాడికి రాయడం రాదు. వాడికి ఉన్నదల్లా నెలాఖరు. సినిమాలో వాడు గుంపులో ఒక ముఖం. చరిత్రలో గుంపు మొత్తం వాడే.

ఇటలీకి పోయినవాళ్ళ గురించి ఒక్క మాట. భారత సైన్యానికి చెందిన 4, 8, 10వ డివిజన్లు అక్కడ పోరాడాయి. 8వ డివిజన్ 1943 సెప్టెంబర్‌లో తరంతో రేవులో దిగింది. 1944 ఆరంభంలో 4వ డివిజన్ మోంటే కాసినో కొండ మీద నలిగిపోయింది. దక్షిణాది శాపర్లు చేసిన పని సినిమాకు పనికొచ్చే పని కాదు. రాత్రిపూట ముందుకు పాకి, నేలలో పాతిన మందుపాతరలు ఒక్కోటే వెతికి తీసి, వెనకవచ్చే సైన్యానికి దారి వేయడం. 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర ఇదే పని చేస్తుండగా ఒకడి కాలి కింద పాతర కదిలింది. అది పేలడానికి కొన్ని క్షణాల వ్యవధి ఉంటుంది. మద్రాస్ శాపర్స్‌కు చెందిన సుబేదార్ సుబ్రమణ్యన్, తమిళుడు, ఆ క్షణాల్లో వెళ్ళి దాని మీద పడుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు బతికారు, అతను చనిపోయాడు. జార్జ్ క్రాస్ ఇచ్చారు.

హరిబాబు చావుకు నిజ జీవితంలో ఇంత దగ్గరి చావు ఇంకోటి నాకు తెలీదు. తేడా ఏంటంటే సుబ్రమణ్యన్ కాపాడింది తోటి కూలివాళ్ళను. అక్కడ ఎవరి మనసూ మారాల్సిన పనిలేదు. ఎవరికీ పాఠం చెప్పని త్యాగం అది. పక్కవాడు బతకాలి, అంతే. నాకు ఈ చావు హరిబాబు చావుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇలా పోయినవాళ్ళు ఎక్కడ మిగిలారు? ఎక్కువమంది ఒక డేటాబేస్‌లో. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. పేరు, ర్యాంకు, నంబరు, దళం, పోయిన తేదీ, సమాధో స్మారకమో. భారతీయ సైనికుల దగ్గర చాలాసార్లు ఇంకో వరస ఉంటుంది. ఫలానావారి కొడుకు, ఫలానామె భర్త, ఫలానా ఊరు, జిల్లా. హిందువుల్ని దహనం చేశారు కాబట్టి ఎందరికో సమాధి రాయి కూడా ఉండదు. ఇటలీలో అలాంటివారి కోసం మూడు స్మారకాలు కట్టి వాటి మీద పేర్లు చెక్కారు. సాంగ్రో నది దగ్గరున్న ఒక్కదాని మీదే 500 మందికి పైగా పేర్లున్నాయి.

నాది డేటాబేసులతో రోజంతా గడిపే ఉద్యోగం కాబట్టి చెప్తున్నాను, ఇందులో తెలుగువాణ్ణి వెతకడం కష్టం. పేరును విన్న గుమాస్తా తనకు తోచిన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఒకే పేరు నాలుగు రకాలుగా ఉండొచ్చు. ఇంటిపేరు ముందో వెనకో తెలీదు. చాలాచోట్ల అసలు లేదు. ఊరి పేరు మనం పలికే ఊరులా ఉండదు. ఇక జిల్లాలు మారిపోయాయి. శ్రీహరికోట, సూళ్ళూరుపేట ఇవాళ తిరుపతి జిల్లా. 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, అంతకుముందు సగం ఉత్తరార్కాటు, సగం కడప. ఈ పులికాట్ ఒడ్డు నుంచి 1944లో ఒకడు పోయుంటే, వాడు 'నెల్లూరు, మద్రాసు' అన్న రెండు మాటల వెనక ఎక్కడో ఉంటాడు. వాడి కులం, వాడి ఇంటివాళ్ళ భాష, వాడు సముద్రం దాటడానికి కారణం, ఏ గడిలోనూ లేవు.

శ్రీహరికోటను ఊరికే తేలేదు. ఇక్కడ కంచె అంటే ఉపమానం కాదు, గేటు దగ్గర కార్డు చూపించి దాటే వస్తువు. రాకెట్లు రాకముందు ఈ దీవి యానాదులది. బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసుకు కట్టెలు పోయిన అడవి ఇది. రాకెట్ కేంద్రం కోసం దీవి తీసుకున్నప్పుడు వాళ్ళు కదలాల్సి వచ్చింది. ఇప్పుడు ఎస్సెల్వీ ఎప్పుడు ఎగిరింది, ఎన్ని సెకన్లకు ఏమైంది, అన్నీ రికార్డులో ఉన్నాయి. 1979 ఆగస్టు 10న మొదటి ప్రయోగం విఫలమైంది, 1980 జూలై 18న గెలిచింది. దేశానికి అవసరమైనవి రాసిపెట్టుకుంటుంది. కదిలిపోయినవాళ్ళ గురించి అంత వివరంగా చెప్పమంటే ఎవరి దగ్గరా చిట్టా ఉండదు. యుద్ధానికి పోయిన కూలిసైనికుడి కథ కూడా సరిగ్గా ఇలాంటిదే. పెద్ద పని గుర్తుంటుంది, చేసిన చేతులు గుర్తుండవు.

అందరూ మర్చిపోయారంటే కూడా తప్పే. పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరం వెనక తరం సైన్యంలోకి పంపి, ఊరి పేరుకే 'మిలిటరీ' తగిలించుకుంది. పోయినవాళ్ళ జ్ఞాపకంగా స్మారకం నిలబెట్టుకుంది. సాహిత్యంలో తిలక్ 'సైనికుడి ఉత్తరం' ఉంది. కానీ ఇవి విడివిడి దీపాలు. పంజాబీకో, నేపాలీకో ఉన్నట్టు మనకు యుద్ధానికి పోయినవాడి పాట ఒక సంప్రదాయంగా లేదు. అది లేనిచోట 'కంచె' వచ్చింది. అందుకే ఆ సినిమా మీద ఇంత బరువు పెడుతున్నాను. ఒక్కడే వచ్చినప్పుడు వాణ్ణే అందరి గురించీ అడుగుతాం.

పాత యుద్ధం కదా, ఇవాళ ఈ గొడవ దేనికి అని అడగొచ్చు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడొకడు రష్యా సైన్యం తరఫున ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడని మాస్కోలోని భారత రాయబార కార్యాలయం చెప్పింది. ముప్ఫై ఏళ్ళవాడు. హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు చెప్పిన మాట నమ్మి పోయాడు. సీబీఐ కేసు పెట్టింది, ఏడు నగరాల్లో సోదాలు చేసింది. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అలా రష్యా సైన్యంలో చేరిన భారతీయుల కేసులు 126. అప్పటికి 12 మంది చనిపోయారు, 16 మంది ఆచూకీ లేదు. కుటుంబాలు టీవీల ముందుకొచ్చి ఏడ్చాయి. మనం ఒకటి రెండు రోజులు చూశాం. కింద కామెంట్లలో ఎక్కువ వినబడిన మాట ఒకటే. 'ఎవడు పొమ్మన్నాడు?'

ఆ మాట దగ్గర నాకు సినిమా మళ్ళీ గుర్తొస్తుంది. హరిబాబును ఎవరూ 'ఎవడు పొమ్మన్నాడు' అని అడగరు. ఎందుకంటే అతను ప్రేమ కోసం పోయాడు. సీత కోసం, మానవత్వం కోసం పోయినవాడి చావు పవిత్రం. జీతం కోసం పోయినవాడి చావు తెలివితక్కువతనం. ఈ తేడాను మనకు నేర్పింది ఎవరు? మన కథలే. సైనికుడికి గొప్ప కారణం ఒకటి అంటగడితే తప్ప మనకు కన్నీళ్ళు రాని విధంగా మనల్ని తయారుచేసింది మన సినిమాలే. అందులో మంచి సినిమాలు కూడా ఉన్నాయి. ఇటలీలో పోయిన 5,700 మందికి పైగా భారత సైనికుల్లో ఎంతమంది దగ్గర ఏ గొప్ప కారణమూ లేదో! వాళ్ళకున్నది అప్పు, చెల్లెలి పెళ్ళి, కౌలు బాకీ, ఆకలి. వాళ్ళ యుద్ధం ఎవరిదో వాళ్ళకు సరిగ్గా తెలీదు. అయినా పక్కవాడి కోసం పాతర మీద పడుకున్నారు.

సినిమా బాగా లేదని చెప్పడానికి ఇంత రాయలేదు. బాగుంది కాబట్టే, దాన్ని ఇంకొంచెం బలంగా లాగితే ఏం తెగుతుందో చూడాలనిపించింది. కులాన్ని, ఫాసిజాన్ని ఒకే ఫ్రేములో పెట్టగల ధైర్యం ఉన్న దర్శకుడికి, కూలిని, వీరుణ్ణి ఒకే మనిషిలో పెట్టే ధైర్యం కూడా ఉండాల్సింది. అప్పుడు హరిబాబు చావు ఈశ్వర్ కోసం అవ్వాల్సిన అవసరం రాదు. ఇటలీ నుంచి ఊరికి తిరిగొచ్చే కెమెరా జమీందారు మేడ ముందు కాకుండా ఇంకెక్కడో ఆగి ఉండేది.

ఎక్కడ ఆగాలో నాకు తెలుసుననుకుంటాను. నెల్లూరు జిల్లాలోనో చిత్తూరు జిల్లాలోనో ఒక ఇల్లు. టెలిగ్రాం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పగలిగినవాడు ఊరికి అవతలి వీధిలో, వీళ్ళు అడుగుపెట్టకూడని వీధిలో ఉన్నాడు. కాగితం చేతిలో పట్టుకుని ఆ తల్లి వీధి మొదట్లో నిలబడింది. ఎవరైనా బయటికొచ్చి చదివి చెప్పాలి. మన భాషలో ఇంకా ఎవరూ తీయని యుద్ధ సినిమా అక్కడ మొదలవుతుంది.